రగ్బీ శిక్షకుని ధర్మము

సాయంకాలము అయిదు గంటలు దాటినది మొదలు హైటెక్ సిటీ నుండి గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు సాగు రహదారులలో, కార్యాలయములు విడిచి వచ్చు వాహనములకు ఎదురుగా మరియొక ప్రవాహము కనబడును. వెనుక సీటులో బూట్ల తాళ్లు బిగించుకొనుచున్న పిల్లవాడు. ముందు సీటులో గడియారము చూచుకొనుచున్న తండ్రియో, తల్లియో. ఈతకొలను, బ్యాడ్మింటన్ కోర్టు, కృత్రిమపు పచ్చిక పరచిన చిన్న మైదానము, ఎక్కడనో ఒకచోట ఆ పిల్లవానిని దింపి, "గంటన్నరలో వచ్చెదము, కోచ్ సార్" అని చెప్పి పెద్దలు వెడలిపోదురు. ఆ గంటన్నరసేపు ఆ బిడ్డ శరీరముపైనను, మనస్సుపైనను అధికారమంతయు ఆ కోచ్ సార్‌దే. పరుగెత్తుమనిన పరుగెత్తవలెను. నిలువుమనిన నిలువవలెను. నొప్పిగా నున్నదనినచో, అది నిజమో సాకో నిర్ణయించువాడును ఆయనయే. ఇంతటి అధికారమునకు హద్దు ఏది? దానిని నిర్ణయింపవలసినవారెవ్వరు? ఈనాడు మనము ఆలోచింపవలసిన విషయమిది.

దీనికి ఉదాహరణగా రగ్బీ ఆటను మేము ఎన్నుకొనుటకు కారణము కలదు. శరీరము శరీరమును బలముగా తాకు ఆట యగుటచేత, శిక్షకుడు ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో ఆ ఆటవారు మిగిలిన క్రీడలవారికంటె విపులముగా వ్రాసికొనిరి. వ్రాసికొనక తప్పని పరిస్థితులు వారికి కలిగినవి.

రగ్బీ యనగానే మనలో చాలమందికి అది ఎక్కడిదో పరదేశపు ఆట యనిపించును. తెలుగువారికి క్రొత్తది కావచ్చునుగాని దేశమునకు క్రొత్తది కాదు. 1870 ప్రాంతములలో కలకత్తాలోని ఆంగ్లేయులు ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకొని, అది నిలువకపోగా, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరగించి ఒక పాత్ర చేయించి 1878లో ఇంగ్లండు రగ్బీ సంఘమునకు ఇచ్చివేసిరి. నేటికిని ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఏటేట పోటీపడునది ఆ పాత్ర కొరకే. దాని పిడులు మూడును త్రాచుపాములు, మూతపై ఏనుగు. మన రూపాయలు అంత దూరము ప్రయాణము చేసి అక్కడ అంత గౌరవము పొందుచుండగా, ఆట మాత్రము ఇటు మన వైపు మెల్లగా వచ్చినది. 2016 రియో ఒలింపిక్సులో జట్టుకు ఏడుగురు చొప్పున ఆడు రగ్బీకి స్థానము దొరకిన తరువాత మన దేశములో కొంత చలనము కలిగినది. 2025 జూన్ నెలలో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగులో ఆరు జట్లు పాల్గొనగా, వానిలో ఒకటి హైదరాబాదు హీరోస్ అను పేరు పెట్టుకొన్నది. ఇక మన పిల్లలును అడుగకుందురా?

ఆట స్వరూపము రెండు మాటలలో చెప్పవచ్చును. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని ప్రత్యర్థుల గీత దాటి నేలకు తాకించవలెను. చేతితో బంతిని ముందుకు విసరరాదు; ప్రక్కకో వెనుకకో అందింపవలెను. బంతి పట్టుకొని వచ్చువానిని ఎదుటివారు చేతులతో చుట్టి పడవేయుదురు. దీనిని ట్యాకిల్ అందురు. మన కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టుట వంటిదే యనుకొనవచ్చును గాని, కూతగాడు పట్టువారి మధ్య అడుగు వెనుకకు, ముందుకు వేయుచుండును; ఇక్కడ పట్టుబడువాడు పూర్తి వేగముతో వచ్చుచుండును. పట్టువాడు తన తలను ఏ ప్రక్క పెట్టినాడు, వీపు వంచినాడా, కన్ను తెరచియున్నాడా అను చిన్న సంగతుల మీద ఇద్దరి క్షేమమును ఆధారపడియుండును.

శిక్షకుని మొదటి ధర్మము ఇచ్చటనే ఆరంభమగుచున్నది. ఈ విద్య మెట్టుమెట్టుగా నేర్పవలసినది. పసివారికి తొలుత తాకుటయే గాని పడవేయుట యుండదు. తరువాత మోకాళ్లపై కూర్చుండి, తరువాత నడచుచు, తరువాత నెమ్మదిగా పరుగెత్తుచు, చివరకు ఆట వేగముతో నేర్పుదురు. భుజములకు పైన పట్టుట నిషిద్ధము. 2023 తరువాత అనేక దేశములలో సామాన్యుల ఆటలలో ఆ హద్దును ఛాతీ ఎముక దిగువకు దింపి పరీక్షించుచున్నారు. నెలలు పట్టు ఈ అభ్యాసమును రెండు ఆదివారములలో ముగించి, మూడవ ఆదివారము పోటీ పెట్టి, తల్లిదండ్రులను పిలచి ఫొటోలు తీయించు శిక్షకుడు ఉత్సాహవంతుడు కావచ్చును. ధర్మము తెలిసినవాడు కాడు. అట్లే వయస్సు ఒక్కటే చూచి జట్లు కట్టరాదు. పదమూడేండ్లవారిలో ఒకనికి నూనూగు మీసము వచ్చి భుజములు విశాలమై యుండును; అదే తరగతిలోనివాడు ఇంకను పసివాడుగనే యుండును. ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి "ధైర్యముండవలెనురా" అనుట శిక్షణ కాదు.

మన ఊరి ఎండను గూర్చి ఒక మాట. వేసవి శిబిరములన్నియు ఏప్రిల్, మే నెలలలోనే. ఆ నెలలలో హైదరాబాదులో 40 డిగ్రీలు దాటుట వింత కాదు. కృత్రిమపు పచ్చిక నిజమైన గడ్డికంటె మిక్కిలిగా కాగును. అభ్యాసము మధ్య మంచినీరు అడిగిన పిల్లవానిని పిరికివానిగా చూచు అలవాటు పాతకాలపు వ్యాయామశిక్షకులలో ఉండెడిది. నీరు శిక్షకుడు ఇచ్చు బహుమానము కాదు. అడిగినపుడు ఆపుటకు ఆయనకు హక్కు లేదు.

ఇక అసలు సంగతికి వత్తము. తలకు దెబ్బ తగిలినపుడు, లేదా దేహమునకు తగిలిన తాకిడి తలను ఊపివేసినపుడు, మెదడు పుఱ్ఱెలో అదరును. దీనిని వైద్యులు కన్‌కషన్ అందురు. రక్తము కారనక్కరలేదు. స్పృహ తప్పవలెనను నియమము లేదు. చాలమందికి తప్పదు కూడ. తలనొప్పి, తల తిరుగుట, వాంతి, కాలు తడబడుట, వెలుతురు సహింపకపోవుట, స్కోరు ఎంతయో చెప్పలేకపోవుట, అడిగినదే మరల అడుగుట, ఇవి గుర్తులు. కొందరిలో ఇవి వెంటనే కనబడవు. గంటలు గడచిన తరువాత ఇంటిలో బయటపడును. ఈ స్థితిలో ఉన్న మెదడుకు, ముఖ్యముగా పిల్లల మెదడుకు, రెండవ దెబ్బ తగిలినచో అపాయము ఎన్నో రెట్లు పెరుగును. అరుదుగా మెదడు హఠాత్తుగా వాచి ప్రాణమే పోవును.

2011 జనవరిలో ఉత్తర ఐర్లండులో ఒక పాఠశాలల రగ్బీ పోటీలో అదే జరిగినది. పద్నాలుగేండ్ల బాలుడు. ఆటలో ఒకటికి మించిన దెబ్బలు తగిలినవి. మధ్యలో అతనిని పరీక్షించిరి. అయినను ఆట చివరివరకు మైదానములోనే యుండెను. ఆట ముగియు సమయమున కుప్పకూలెను, మరల లేవలేదు. 2013లో ముగిసిన విచారణ అది రెండవ దెబ్బ వలన కలిగిన మరణమని తేల్చినది. ఆ తలిదండ్రులు ఊరకుండలేదు. ఈ విషయమై ప్రజలలో తెలివిడి కలిగించుటకు వారు చేసిన కృషి ఫలితముగా స్కాట్లండులో అన్ని ఆటలకును ఒకే నియమావళి ఏర్పడినది. 2023లో బ్రిటను అంతటికిని అట్టిది వచ్చినది. దాని సారమంతయు ఒక్క ఆజ్ఞ: సందేహము కలిగినచో కూర్చుండబెట్టవలెను.

ఈ ఆజ్ఞలోని విశేషము గమనింపుడు. నిరూపణ అక్కరలేదు, సందేహము చాలును. శిక్షకుడు వైద్యుడు కానక్కరలేదు. గుర్తించి, తొలగించినచో ఆయన పని తీరినది. తొలగించిన పిల్లవానిని ఆనాడు మరల మైదానములోనికి దింపు అధికారము ఆయనకు లేదు. ఆ పిల్లవాడు "బాగానే యున్నాను సార్, ఆడెదను" అని బ్రతిమాలినను లేదు. ఏలయన అదరిన మెదడు తన స్థితిని తానే సరిగా చెప్పలేదు. తరువాత విశ్రాంతి, పిదప చదువు, పిదప నడక, పరుగు, తాకిడి లేని అభ్యాసము, వైద్యుని సమ్మతి మీదట చివరకు ఆట. ఇందుకు వారములు పట్టును. ఏడుగురి జట్టులో, ఏడేసి నిమిషముల రెండు భాగములలో ముగియు ఆటలో, ఒక్కనిని కూర్చుండబెట్టుట శిక్షకునికి ఎంత కష్టమో ఊహింపవచ్చును. అంత కష్టమైనది కావుననే దానిని ఆయన ఇష్టమునకు వదలలేదు.

ఇక్కడ మన హైదరాబాదు చరిత్రలోని ఒక ఘట్టము జ్ఞాపకము రాక మానదు. సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఈ నగరపు బిడ్డ. ఉస్మానియాలో చదివి ఉపాధ్యాయవృత్తి చేసినవారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు విజేతగా నిలిపినవారు. భారత ఫుట్‌బాలు జట్టుకు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణపతకము తెచ్చిన శిక్షకుడు ఆయనయే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు నాల్గవ స్థానము పొందినదియు ఆయన శిక్షణలోనే. 1962లో జకార్తాలో థాయిలాండుతో జరిగిన ఆటలో మన రక్షణపంక్తి వీరుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. రహీముగారు ఆయనను వెనుకపంక్తి నుండి తప్పించి ముందుపంక్తిలో దింపిరి. సెమీఫైనలులో జర్నైల్ సింగు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులోను గోలు చేసెను, 2-1తో గెలిచితిమి. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండిన రహీముగారు మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూసిరి.

ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. కుట్లు పడినంతమాత్రమున మెదడు అదరినట్లు కాదు. ఆడినవాడు వయసు వచ్చిన వీరుడు. ఆనాటి లోకము తలగాయమును చర్మముపైనే చూచినది గాని లోపల చూడనేర్వలేదు. కావున రహీముగారిని నేటి తరాజులో తూచుట మా ఉద్దేశము కాదు. కాని ఈనాడు ఏ శిక్షకుడైనను పద్నాలుగేండ్ల పిల్లవానికి ఈ కథ చెప్పి, కట్టు కట్టిన తలతో ఆడుమనినచో, ఆయన రహీముగారి పేరు చెప్పుకొని రహీముగారికి తెలియని తప్పు చేయుచున్నాడు. పాత వీరగాథను భక్తితో వినుట వేరు; దానిని అభ్యాసపద్ధతిగా చేసికొనుట వేరు. రగ్బీ నియమావళి కావలెనన్నది ఈ వివేకమునే.

మన దేశములో శిక్షకుల కిచ్చు పెద్ద పురస్కారము పేరు ద్రోణాచార్య పురస్కారము. 1985 నుండి ఇచ్చుచున్నారు. మన నగరమునకు చెందిన బ్యాడ్మింటన్ శిక్షకులు సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ గారికి 2000 సంవత్సరమునకును, పుల్లెల గోపీచంద్ గారికి 2009 సంవత్సరమునకును అది లభించినది. ఇద్దరును అర్హులే. అయినను, శిష్యుని బొటనవ్రేలిని దక్షిణగా అడిగిన ఆచార్యుని పేరే ఈ పురస్కారమునకు ఏల పెట్టిరో మాకు ఎన్నడును అర్థము కాలేదు. శిష్యుని శరీరము గురువు సొత్తు కాదని చెప్పవలసిన చోట ఆ పేరు కొంచెము ఇబ్బంది పెట్టును.

గోపీచంద్ గారి ప్రసక్తి వచ్చినది కావున, అందరెరిగిన రెండు సంగతులు చెప్పుకొందము. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండు విజేతయైన పిమ్మట ఒక శీతలపానీయపు సంస్థ ప్రకటనకు ఆయనను అడిగినది. ఆ పానీయము తాను త్రాగడు. త్రాగనిదానిని ఇతరులను త్రాగుమనుట తగదని నిరాకరించెను. అప్పటికి ఆయన శిక్షకుడు కాడు, ధనవంతుడును కాడు. తరువాత 2003లో ప్రభుత్వమిచ్చిన అయిదెకరముల స్థలములో అకాడమీ కట్టుటకు సొంత ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చినది. 2008లో గాని అది తెరువబడలేదు. ఆ ప్రకటన సొమ్ము ఎంత ఉపకరించియుండునో! శిక్షకుని మాటకు బరువు ఇటువంటిచోట పుట్టును. పిల్లలకు పొడులు, మాత్రలు, బలవర్ధకములు అమ్మి కమీషను పుచ్చుకొను శిక్షకునికి ఆ బరువు ఎక్కడిది?

రెండవది: 2016 రియో ఒలింపిక్సుకు ముందు మూడు నెలలు సింధు చేతిఫోనును గోపీచంద్ గారు తీసి దాచిరి. రజతపతకము వచ్చిన తరువాత ఈ మాట ఆయనయే నలుగురిలో నవ్వుచు చెప్పిరి. తీయని పెరుగు, ఐస్‌క్రీము కూడ మాన్పించితినని, ఇక తిననిచ్చెదనని అనిరి. దేశమంతయు మెచ్చుకొన్నది. మేమును మెచ్చుకొంటిమి. అయితే దీనిని చూచి ప్రతి శిబిరములోను పిల్లల ఫోన్లు లాగికొను ఆచారము మొదలైనచో ఒక భేదము మరువరాదు. సింధు అప్పటికి ఇరువదియొక్క ఏండ్ల యువతి, లోకవిఖ్యాత క్రీడాకారిణి, ఆమెకు ఫోను ఏకాగ్రతకు అడ్డము. ఇల్లు విడిచి వసతిగృహములో ఉన్న పన్నెండేండ్ల బిడ్డకు ఫోను ఇంటికి పోవు దారి. ఆ దారి మూసివేసిన శిక్షకుడు, తన ఉద్దేశ మెంత మంచిదైనను, తన మీద ఎవరికిని చెప్పుకొనలేని స్థితిని ఆ బిడ్డకు కల్పించుచున్నాడు. అభ్యాస సమయమున ఫోను ప్రక్కన పెట్టింపవచ్చును. రాత్రి అమ్మతో ఏకాంతముగ మాటాడుటకు మాత్రము ఇచ్చి తీరవలెను.

శిక్షకునికి అడ్డు చెప్పువారు లేనిచో ఏమి జరుగునో తెలుపు కథ ఒకటి రగ్బీలోనే కలదు. 2009 ఏప్రిల్ 12న లండనులో హార్లెక్విన్స్, లీన్‌స్టర్ జట్ల మధ్య ఐరోపా పోటీల క్వార్టర్ ఫైనలు జరుగుచున్నది. రగ్బీలో రక్తము కారుచున్నవానిని తాత్కాలికముగ బయటికి పంపి మరొకనిని దింపవచ్చును; ముందు బయటికి వెళ్లినవాడు కూడ అట్లు తిరిగి రావచ్చును. బంతిని గోలుకు తన్నుటలో నేర్పరియైన ఆటగాడు బయట నుండెను. హార్లెక్విన్స్‌కు అతడు తిరిగి కావలెను. టామ్ విలియమ్స్ అను ఆటగాడు ఎఱ్ఱరంగు గొట్టమొకటి నోట కొరికి, నెత్తురు కక్కుచున్నట్లు నటించుచు బయటికి నడచెను. నడచుచు తన బెంచివైపు కన్నుగీటెను. కెమేరా దానిని పట్టుకొన్నది. ప్రత్యర్థులకు అనుమానము కలిగినది. అప్పుడు, గాయము నిజమని చూపుటకై, గదిలో ఆటగాని కోరిక మీద జట్టు వైద్యురాలు అతని పెదవిని నిజముగనే కోసెను. ఇంత చేసియు 6-5తో ఓడిపోయిరి.

విచారణలో జట్టు శిక్షణాధిపతి డీన్ రిచర్డ్స్ ఈ పథకమునకు కర్త యని తేలినది. అంతకు ముందు నాలుగు పర్యాయములు ఇట్టి కపటరక్తము ప్రయోగించిరనియు బయటపడినది. ఆయనకు మూడేండ్లు, చికిత్సకునికి రెండేండ్లు నిషేధము, క్లబ్బుకు జరిమానా, ఆటగానికి తొలుత పన్నెండు నెలల శిక్ష పడి, నిజము చెప్పిన పిదప నాలుగు నెలలకు తగ్గినది. మేము ఈ కథలో మోసముకంటె ఎక్కువగా చూచునది మరొకటి. రిచర్డ్స్ గొట్టము కొరకలేదు, పెదవి కోయలేదు. ఆయన మాట కాదనలేని మనుష్యులు ఆ పనులు చేసిరి. ఆటగాని దేహమును కాపాడుటకు నియమితయైన వైద్యురాలు కూడ ఆ గదిలోని ఒత్తిడికి లొంగినది. పెద్దవారే, చదువుకొన్నవారే, జీతము తెచ్చుకొనువారే అట్లు లొంగినపుడు, మైదానము మధ్య నిలిచిన పిల్లవాడు "నేను చేయను సార్" అని అనగలడా?

మందుల విషయములోను ఇదే వరుస. 2011లో మన దేశపు నాలుగువందల మీటర్ల రిలే పరుగు బృందములోని యువతులు నిషిద్ధౌషధ పరీక్షలో దొరికిరి. శిక్షకుడు తెచ్చి ఇచ్చిన బలవర్ధకము వలన ఇట్లయినదని వారు మొరపెట్టుకొనిరి. విదేశీ శిక్షకుని ఉద్యోగము పోయినది; యువతులకు తొలుత ఏడాది, తరువాత అంతర్జాతీయ క్రీడాన్యాయస్థానములో రెండేండ్లు నిషేధము పడినది. తన దేహములో చేరినదానికి క్రీడాకారుడే బాధ్యుడని ఆ నియమము. కనుక "సార్ ఇచ్చినారు" అను సమాధానము చెల్లదు. పిల్లలకు ఈ మాట ముందుగనే తెలియవలెను.

చట్టము చెప్పు సంగతులు కొన్ని మన గృహములలో తగినంత తెలిసినట్లు లేదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని బిడ్డపై లైంగికాపరాధము జరిగినదని తెలిసినను, జరుగవచ్చునని భయము కలిగినను, ఎవరైనను పోలీసులకు తెలుపవలసినదే. తెలుపనివానికి ఆరు నెలలవరకు, తన క్రింది ఉద్యోగి చేసినదానిని దాచిన సంస్థాధిపతికి ఏడాదివరకు కారాగారశిక్ష పడవచ్చును. "అకాడమీ పేరు పాడగును, లోలోపల సర్దుకొందము" అనుట నేరమే. 2013 నాటి చట్టమొకటి పనిచేయు స్థలములలో స్త్రీలను వేధించుటను నిషేధించినది. హైటెక్ సిటీ కార్యాలయములలో పనిచేయువారికి ఆ చట్టము క్రింద ఏర్పడు అంతర్గత సమితి సుపరిచితము. ఏడాదికొక పాఠమును విందురు. అదే చట్టము క్రీడాసంస్థలను, స్టేడియములను, పోటీస్థలములను కూడ పేర్కొన్నది. తాము పనిచేయు భవనములో ఉన్న రక్షణ, తమ కుమార్తె ఆడు మైదానములోను ఉండవలెనని వారు అడుగవచ్చును. 2022లో ఒక శిక్షకునిపై విదేశములోనుండి ఫిర్యాదు వచ్చిన పిమ్మట, మహిళలున్న జట్టు ఎక్కడికి పోయినను వెంట మహిళా శిక్షకురాలు ఉండవలెనని భారత క్రీడాప్రాధికార సంస్థ ఆదేశించినది. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడాపాలన చట్టము మహిళలకు, మైనరులకు సురక్షితమగు క్రీడావిధానమును కోరుచున్నది.

ట్యాకిల్ నేర్పుటకు దేహమును తాకక తప్పదు. కాని ఎక్కడ, ఏల తాకుచున్నాడో ముందు చెప్పి, అందరి యెదుట తాకవలెను. ఒంటరిగా ఒక బిడ్డను తన వాహనములో తీసికొనిపోరాదు. దుస్తులు మార్చుకొను గదిలోనికి ఒంటరిగా పోరాదు. రాత్రివేళ పిల్లలకు సొంత ఫోనులో సందేశములు పంపరాదు. పంపినచో తలిదండ్రులున్న సమూహములోనే పంపవలెను. ఈ నియమములను సద్వర్తనుడైన శిక్షకుడు అవమానముగా భావింపనక్కరలేదు. వానివలన ఆయనకును అపనిందనుండి రక్షణ కలదు.

ఇంతవరకు శిక్షకుని మాటయే యైనది. తలిదండ్రులను కూడ ఒక మాట అనక తప్పదు. ఈ ప్రాంతములో లక్ష్యము, గడువు, నివేదిక అనునవి కార్యాలయముల భాష; అది మెల్లగా మైదానమునకు వచ్చి చేరినది. మూడు నెలల రుసుము కట్టితిమి, జిల్లా జట్టులో పేరేది? పక్క ఫ్లాటువారి అబ్బాయికి పతకము వచ్చినది, మావానికేది? నిన్న తల తిరుగుచున్నదన్న పిల్లవానిని నేటి పోటీలో దింపుమని గీత అవతలనుండి కేకలు వేయునది ఒక్కొక్కప్పుడు శిక్షకుడు కాడు, కన్నతండ్రియే. అప్పుడు ఆ తండ్రికి "దింపను" అని చెప్పగల శక్తి శిక్షకునికి ఉండవలెను. రుసుము ఇచ్చువానికి ఎదురు చెప్పుట ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. చెప్పినవానిని వదలి, దింపునట్టి అకాడమీకి పిల్లవానిని మార్చు తలిదండ్రులున్నంతకాలము మంచి శిక్షకులు నష్టపోవుచునేయుందురు.

అడుగదగిన ప్రశ్నలు పెద్దవేమియు కావు. తలకు దెబ్బ తగిలినచో ఆట ఆపు అధికారము ఎవరిది? ప్రథమచికిత్స తెలిసినవారు మైదానములో ఉందురా? దగ్గరి ఆసుపత్రి ఏది, తీసికొనిపోవువారెవరు? అభ్యాసము జరుగునపుడు మేము కూర్చుండి చూడవచ్చునా? పిల్లలపై ఫిర్యాదు వచ్చినచో విను వ్యక్తి ఎవరు, అతడు శిక్షకుని క్రింద పనిచేయువాడేనా? బాలల సహాయమునకు గల 1098 సంఖ్యను గోడపై వ్రాసినారా? తలగాయములను గుర్తించుట గూర్చి అంతర్జాతీయ రగ్బీ సంస్థ వారి పాఠము ఇంటర్నెట్టులో ఉచితముగ దొరకును. ముగించినవారికి ధ్రువపత్రము వచ్చును. రగ్బీ నేర్పుదుమను వారిని ఆ పత్రము చూపుమని అడుగవచ్చును. తలిదండ్రులు తామును ఆ పాఠము చదువవచ్చును. వేసవి శిబిరములలో చేర్చుకొనుట మార్చి నెలలోనే మొదలగును. రుసుము కట్టుటకు ముందే ఈ మాటలు అడుగుట సులభము.